తిరుపాల్ నోటీసు పీరియడ్

కొత్త ఉద్యోగానికి సరేనన్న మనిషి పాతది వదిలి వచ్చేసరికి తొంభై రోజులు పడుతుంది. ఆ తొంభై రోజులూ అతని మనసు మారకుండా చూసుకోవడమే నా ఉద్యోగం. బెంగళూరులోని ఒక స్టాఫింగ్ ఏజెన్సీకి నేను హిందూపురంలో మా ఇంటి మేడ మీది గదిలో కూర్చుని పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను. పెద్ద కంపెనీలు తమకు కావలసిన కంప్యూటరు మనుషుల్ని వెతికిపెట్టమని మాలాంటి వాళ్లకు అప్పజెబుతాయి. వెతకడం సులువే. ఆఫర్ లెటర్ చేతిలో పడ్డాక దాన్ని చూపించి ఇంకోచోట బేరం పెట్టేవాళ్లు, చేరాల్సిన రోజు పొద్దున ఫోన్ ఆపేసేవాళ్లు కోకొల్లలు. అందుకని వారానికి రెండుసార్లు ఫోన్ చేసి, భోంచేశారా, ఇంట్లో అంతా బాగున్నారా, రాజీనామాకు జవాబు వచ్చిందా అని పలకరిస్తూ ఉండాలి. మా ఆఫీసులో వీటిని వార్మ్ కాల్స్ అంటారు. మనుషులేమన్నా అన్నమా, కూరా, చల్లారకుండా చూసుకోవడానికి అని మొదట్లో నాకు ఒళ్లు మండేది. తర్వాత అలవాటైపోయింది.

నాకు కోపం ఎక్కువని మా ఇంట్లో కాఫీ గిన్నెలకు కూడా తెలుసు. ఫోన్‌లో మాత్రం నా గొంతు తేనె.

తిరుపాల్‌ది ధర్మవరం. పెనుకొండ దగ్గర కార్ల విడిభాగాలు చేసే ఫ్యాక్టరీలో సాఫ్ట్‌వేర్ చూసుకునేవాడు. స్టోర్లోకి సరుకు వచ్చింది మొదలు లారీ గేటు దాటేదాకా అక్కడ అంతా ఆ సాఫ్ట్‌వేర్ మీదే నడుస్తుంది. అది మొరాయిస్తే అందరూ పిలిచేది అతన్నే. అలాంటి మనిషికి నేను బెంగళూరులో ఒక పెద్ద కంపెనీలో ఉద్యోగం కుదిర్చాను. అతను ఒప్పుకున్నది జీతం చూసి కాదు. అతని భార్య సుచిత్ర బెంగళూరులోనే, విదేశాల ఇన్సూరెన్స్ క్లెయిములు పరిశీలించే కంపెనీలో పనిచేస్తుంది. పెళ్లయి రెండేళ్లు దాటింది. ఆమె అక్కడ హాస్టల్లో, ఇతను ఇక్కడ ధర్మవరంలో. శనివారం కలుసుకోవడం, ఆదివారం సాయంత్రానికి విడిపోవడం.

"మాకు పెద్ద ఆశలేం లేవు మేడం," అన్నాడు మొదటి ఫోన్‌లోనే. "వారం పొడుగునా ఒకే పొయ్యి మీద వండుకోని తినాల. అంతే."

ఆ మాట విని నా మనసు మెత్తబడింది. అయినా చెయ్యి మాత్రం నోట్స్‌లో ఇలా రాసుకుంది: వచ్చే కారణం భార్య, గట్టి కారణం, జారిపోడు. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

నలభయ్యో రోజున అతని మేనేజరు పిలిచి, ఉండిపోతే టీమ్ లీడ్ చేస్తామన్నాడట. ఫ్యాక్టరీకి కొత్త సాఫ్ట్‌వేర్ కొంటున్నారు, అది పెట్టించే పని నీ చేతిలోనే పెడతామన్నాడట. ఆఖరి రోజు సాయంత్రం దాకా ఎప్పుడు మనసు మారినా ఆ రాజీనామా కాగితం చింపేస్తానని కూడా చెప్పాడట. తిరుపాల్ గొంతులో ఊగిసలాట నాకు వెంటనే తెలిసిపోయింది.

అలాంటప్పుడు ఏం మాట్లాడాలో మా ఏజెన్సీ ఒక కాగితం రాసిచ్చింది. ఇన్నాళ్లూ గుర్తురాని మీరు రాజీనామా ఇచ్చాకే వాళ్లకు గుర్తొచ్చారా అని అడగాలి. అడిగాను. కాగితంలో లేని ముక్క ఒకటి నా సొంతంగా చేర్చాను.

"మరి సుచిత్రకు ఏం చెప్తారు?"

"వస్తా మేడం," అన్నాడు. ఆ రోజు మా మేనేజరు జయరామ్ సార్ నన్ను అందరి ముందూ మెచ్చుకున్నాడు. నేనూ పొంగిపోయాను.

ఎనభై ఏడో రోజు మంగళవారం. పొద్దుటి ఆన్‌లైన్ మీటింగులో జయరామ్ సార్ నీళ్లు తాగినంత తేలిగ్గా చెప్పాడు, ఆ పెద్ద కంపెనీ పన్నెండు పోస్టులూ ఆపేసిందని. మనుషులకు పెట్టాల్సిన బడ్జెట్ కొత్త సాఫ్ట్‌వేర్‌కు పోయిందట. ఉద్యోగులు అడిగే సందేహాలకు ఇకమీదట అదే జవాబిస్తుందట. మిగిలిన పని బయటి కంపెనీకి కాంట్రాక్టు ఇస్తున్నారట. అభ్యర్థులకు ఉత్తరాలు వచ్చే నెలలో వెళ్తాయి, అంతవరకు ఎవరికీ చెప్పొద్దు, ఒకవేళ మళ్లీ తెరిస్తే మనుషులు కావాలి కాబట్టి కాల్స్ ఆపొద్దు అన్నాడు.

"సార్, తిరుపాల్‌కు ఎల్లుండి కాక అవతలి రోజు ఆఖరిది. శుక్రవారం దాటితే అతనికి అదీ ఉండదు, ఇదీ ఉండదు," అన్నాను.

"ఆఫర్ ఇచ్చింది మనం కాదమ్మా మంజులతా. వాళ్లు."

జయరామ్ సార్ చెడ్డవాడు కాదు. మా ఇంట్లో ఎవరికన్నా జ్వరమొస్తే తనే ఫోన్ చేసి కనుక్కుంటాడు. ఆ పూట మాత్రం స్క్రీన్లో చెయ్యి పెట్టి అతన్ని ఇవతలికి లాగాలనిపించింది.

కంపెనీ ఫోన్‌లో ప్రతి మాటా రికార్డవుతుంది. నా సొంత ఫోన్ తీసి అతని నంబరు రెండుసార్లు నొక్కి, రెండుసార్లూ మోగకముందే కట్ చేశాను. ఫోన్‌లో నమ్మించిన మనిషికి ఈ మాటా ఫోన్‌లోనే చెప్పి పెట్టేయడానికి నాకు మనసు రాలేదు. బుధవారం మధ్యాహ్నం సెలవు పెట్టి రైలెక్కాను. చెప్పడానికి ఎంతసేపు పడుతుందో, అతనితోపాటు ఎక్కాల్సి వస్తుందేమోనని టికెట్ ధర్మవరం దాకా తీసుకుని, పెనుకొండలో దిగాను. అతను సాయంత్రం బండికి ఇంటికి వెళ్తాడని ఫోన్లలో విని తెలుసు.

అతని ముఖం నాకు తెలియదు. బయోడేటాలో ఉన్న ఫోటో కాలేజీ నాటిది. ప్లాట్‌ఫారం మీద ఫ్యాక్టరీ చొక్కాలు వేసుకున్నవాళ్లు పాతికమంది దాకా ఉన్నారు. ఎవరిని అడగాలో తెలియక నిలబడి ఉంటే, వెనకనుంచి ఒక గొంతు ఫోన్‌లో ఎవరితోనో, "లేదు, బండి ఇంగా రాలేదు, పెట్టేస్తా ఉండు," అంది. మూడు నెలలుగా ఫోన్‌లో విన్న గొంతు అది. తిరిగి చూస్తే బక్కపల్చటి మనిషి, చేతిలో టిఫిన్ బాక్సు సంచి.

"తిరుపాల్, నేను మంజులతను. హిందూపురం."

అతను ఒక్క క్షణం తెల్లబోయి, తర్వాత నవ్వాడు. "మీరా మేడం? చేరేదాకా ఇడిసిపెట్టేట్టు లేరే. ఈడిదాకా వస్తారనుకోలేదు."

వచ్చేటప్పుడు దారి పొడుగునా ఎలా మొదలుపెట్టాలో పది రకాలుగా అనుకున్నాను. ఆ నవ్వు చూశాక ఒక్కటీ గుర్తు రాలేదు.

"ఆ ఉద్యోగం లేదప్పా," అన్నాను. "ఆపేసినారు. నిన్న తెలిసింది. నీకు చెప్పొద్దన్నారు. శుక్రవారం లోపల మీ మేనేజరు కాడికి పోయి కాగితం ఎనక్కి తీసుకో."

అతను టిఫిన్ సంచి బెంచీ మీద పెట్టి, తనూ పక్కన కూర్చున్నాడు. "ఆ పొద్దు నేను ఉండిపోతానంటే, వద్దన్నది మీరే కదా మేడం," అన్నాడు. గొంతులో కోపం లేదు. ఉండి ఉంటే నాకు బాగుండేది.

"నేనే. రాసిచ్చింది చదివినా. సుచిత్ర పేరు మాత్రం నేనే కలిపినా. తప్పు నాదే."

"ఇప్పుడు ఇట్ల వచ్చి చెప్పినారని తెలిస్తే మీ ఉద్యోగం?"

"రేప్పొద్దున మా సారుకు నేనే చెప్తా. తర్వాత వాళ్లిష్టం."

బండి వచ్చింది. అతని వెనకే నేనూ ఎక్కాను. ఆ స్థితిలో అతన్ని ఒంటరిగా పంపడానికి కాళ్లు ఒప్పుకోలేదు. ఎదురెదురుగా కిటికీల పక్కన కూర్చున్నాం. పెనుకొండ కొండ వెనకబడింది.

"ఉద్యోగం పోతే పోనీ అక్కా. ఆడ ఇల్లు చూసుకున్నాం," అన్నాడు. మేడం ఎప్పుడు అక్కగా మారిందో అతనికే తెలిసి ఉండదు. "చిన్నదే. సుచిత్రే తిరిగి తిరిగి చూసింది. వంటింట్లో కిటికీ ఉండాది, పక్కనే బస్సు దొరుకుతాది, అని రోజూ ఏదో ఒకటి చెప్తాది. ఇప్పుడు ఆమెకు ఏమని చెప్పాల?"

ఫోన్ తీసి ఆమెకు కలిపాడు. అవతల పలకగానే ఫోన్ నా చేతిలో పెట్టేశాడు. "మీరే చెప్పండక్కా. నాతో కాదు."

చెప్పాను. దాచకుండా, నా తప్పుతో సహా చెప్పాను. అవతల ఆఫీసు గలగలలు వినిపిస్తున్నాయి. కాసేపటికి అవి దూరమయ్యాయి. ఆమె లేచి బయటికి వచ్చినట్టుంది.

"ఆయన పక్కనే ఉండాడా?"

"ఎదురుగా ఉండాడు."

"స్పీకర్ పెట్టద్దండి అక్కా," అంది. "పోయిన నెల మా కంపెనీలో అడిగినారు, ఊరికి పోయి ఇంట్లోనుంచే పని చేసుకునేవాళ్లు పేర్లు ఇయ్యండి అని. నేను ఇయ్యబోయి ఆగిపోయినా. ఆయన టీమ్ లీడ్ వద్దనుకోని నాకోసం వస్తాండాడు. ఇప్పుడు నేనే ఊరికి వస్తానంటే ఎట్లుంటాది? నాకు ఈ ఊరు ఒక్క దినం కూడా నచ్చలేదక్కా. ఆయనకు బెంగళూరు ఆశ ఉండాదేమో అని ఇల్లిల్లూ తిరిగినా."

"మరి నోరు తెరిచి చెప్పకూడదా తల్లీ?" కసిరినట్టే అన్నాను. నా కళ్లలో మాత్రం నీళ్లు.

"నన్నెవరు అడిగినారు? వారానికి రెండుసార్లు మీరు ఆయన్ను అడిగితిరి, ఎప్పుడొస్తావు, ఎట్లొస్తావు అని. నువ్వు వస్తావా అని నన్ను ఒక్కరన్నా అడిగినారా?"

ప్రతి మనిషి పేరు పక్కనా నేను నింపే గళ్లలో ఒకటి, ఇంట్లో ఒప్పుకున్నారా అనేది. పదకొండేళ్లలో కొన్ని వందలసార్లు దాంట్లో అవును అని కొట్టాను. ఏ ఇంట్లోనూ ఆ ఆడమనిషిని అడగలేదు.

"ఇప్పుడు పేరు ఇస్తే తీసుకుంటారా?" అన్నాను.

"తెలీదు. అడగాల. ఆయన రమ్మంటే రేపే అడుగుతా."

ఫోన్ తిరుపాల్‌కు ఇచ్చాను. "నువ్వు వస్తావా అని అడుగు," అన్నాను.

"యాడికి?" అన్నాడు అయోమయంగా.

"నువ్వు అడుగు ముందు."

అతను ఫోన్ చెవికి పెట్టుకుని, బడిలో నిలబెట్టి అడిగించినట్టు, "సుచిత్రా, వస్తావా?" అన్నాడు.

ఆమె ఏం చెప్పిందో నాకు వినిపించలేదు. చాలాసేపు చెప్పింది. ధర్మవరంలో బండి ఆగింది, జనం దిగిపోయారు, పెట్టె మొత్తం ఖాళీ అయింది. అతను లేవలేదు. నేనూ లేవమనలేదు. చివరికి ముంజేత్తో కళ్లు తుడుచుకుని, "ధర్మవరం వస్తావా అని రెండేళ్లు నేనేంటికి అడగలేదు?" అన్నాడు. అది నన్ను అడిగాడో ఆమెను అడిగాడో తెలియదు.