గుమ్మడి అచ్చు

బంగార్రాజు ప్యాంటు ఉతకడానికని బెల్టు లాగుతుంటే జోగమ్మకి అందులో ఒక కొత్త చిల్లు కనబడింది. షాపువాడు గుండ్రంగా వేసిన చిల్లులు అయిపోయాక, వాటికి అవతల మేకుతో పొడిచి చేసిన వంకర చిల్లు. మొగుడు చిక్కిపోతున్నాడన్న అనుమానం ఉంది గానీ మరీ ఇంతని అనుకోలేదు.

బంగార్రాజు టాటానగర్‌లో గూడ్సు డ్రైవరు. ఖాళీ వ్యాగన్లు గనుల దగ్గరున్న డంగోవాపోసికి తీసుకెళ్లి, అక్కడినుంచి ఇనప రాయి నింపిన బండి తీసుకురావడం అతని పని. కరెంటు ఇంజనే అయినా దారి ఎప్పుడు దొరుకుతుందో ఎవరూ చెప్పలేరు. పాసింజర్లూ ఎక్స్‌ప్రెస్సులూ వెళ్లేదాకా ఏదో చిన్న స్టేషన్లో పక్క లైన్లో పడి ఉండాలి. అందుకే డ్రైవర్లు ఇంటినుంచి తినడానికేదో కట్టించుకునే బయల్దేరతారు. పెళ్లయి జుగ్సలాయి పక్కనున్న ఈ రైల్వే క్వార్టర్లకి వచ్చినప్పటినుంచీ జోగమ్మ అతని పెట్టెలో బెల్లం పాకంతో చేసిన వేరుశనగ అచ్చు పెడుతూనే ఉంది.

బంగార్రాజు ఆమెకి సొంత మేనమామ. అచ్చు కొరికితే ఆ చప్పుడు పక్క గదిలోకి వినబడాలి అతనికి. లేకపోతే పాకం ముదరలేదని పేచీ పెట్టేవాడు. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు ఆమె చేసిన అచ్చు రోకలితో కొడితే గాని విరగలేదు. అతను మాత్రం, ‘ఇదీ అచ్చంటే’ అని ముక్క బుగ్గన పెట్టుకుని డ్యూటీకి వెళ్లాడు.

కిందటి వానాకాలం అతనికి చిగుళ్లు చెడి పై పళ్లన్నీ తీయించుకోవాల్సి వచ్చింది. తర్వాత పళ్ల సెట్టు కట్టించుకున్నాడు. ఆమె ఎదుట ఒక్కసారి కూడా దాన్ని తీయలేదు. పడుకోబోయే ముందు పెరట్లోకి వెళ్లి కడుక్కుని, మళ్లీ పెట్టుకునే లోపలికి వచ్చేవాడు.

“ఎలగుంది మావా? నమలడానికి వీలుగా ఉందా?” అని జోగమ్మ అడిగితే, “బాగానే ఉన్నాదే. సొంత పళ్లలాగే ఉన్నాయి” అనేవాడు.

ఇంట్లో పప్పూ చారూ కలుపుకుని మెత్తగా తినేవాడు. పెట్టెలో అచ్చు డబ్బా ఎప్పటిలాగే ఖాళీగా తిరిగి వచ్చేది. ఆమె నమ్మింది.

బెల్టు చూసిన రోజునే బలరామ్ వచ్చాడు. అతను బంగార్రాజు కింద అసిస్టెంటు, బరంపురం దగ్గరి పల్లెవాడు. వరసలు కలుపుకుని వాళ్లని చిన్నాన్నా పిన్నీ అని పిలుస్తాడు. బంగార్రాజు డ్యూటీ దిగి వచ్చి లోపల గదిలో నిద్రపోతున్నాడు.

“లేపొద్దు పిన్నీ. చిన్నాన్న టార్చి ఇంజన్లో మర్సిపోనాడు, ఇచ్చెళ్లిపోదామని వచ్చాను” అన్నాడు బలరామ్.

జోగమ్మ అతనికి టీ ఇచ్చింది. అతను గుమ్మంలో కూర్చుని తాగుతూ, “పిన్నీ, నీ అచ్చు తిని తిని నాను లావైపోనాను. బయట ఏటి తింతన్నావని మా ఇంటిది ఒకటే గొడవ” అన్నాడు.

“నీకూ పెడతన్నాడా మీ చిన్నాన్న?”

“నాకూ ఏటి, అంతా నాకే. ‘జవాన్ ఆద్మీ హై, ఖా లే, కుర్రోడివి తిను’ అంటాడు. తను టీలో బిస్కెట్టు ముంచుకుని తిని ఊరుకుంటాడు.” ఆమె ముఖం చూసి బలరామ్ ఆగిపోయాడు. “ఏటి పిన్నీ, అనకూడని మాటన్నానా?”

“లేదు నాయనా. టీ సల్లారిపోతంది, తాగు.”

బలరామ్ వెళ్లాక జోగమ్మ వంటింట్లో పీట మీద కూర్చుండిపోయింది. ముందు కోపం వచ్చింది. ఇన్ని నెలలు తను పల్లీలు వేయించి, పొట్టు చెరిగి, పాకం పట్టి పంపింది. ఒక్క మాట చెప్పొచ్చు కదా! తర్వాత, పక్క లైన్లో ఆగిన ఇంజన్లో బిస్కెట్టు టీలో ముంచుకుంటున్న మనిషి కళ్ల ముందు మెదిలాడు. కోపం నిలవలేదు. లోపలికి వెళ్లి చూసింది. బంగార్రాజు గోడవైపు తిరిగి, మొహం మీద తువ్వాలు కప్పుకుని పడుకున్నాడు. నిద్రలో కూడా నోరు కనబడకుండా చూసుకుంటున్నాడని ఆమెకి అప్పుడు అర్థమైంది.

అడగకూడదని నిర్ణయించుకుంది. అడిగితే సిగ్గుపడతాడు, బలరామ్ మీద విసుక్కుంటాడు. అతను నమలగలిగేది ఏదైనా చేసి పెట్టాలి, అంతే. అది ఇంజను కుదుపుకి చిట్లి పొడి కాకూడదు, వేడికి పాడవకూడదు, ఒంటికి బలం ఇవ్వాలి.

క్వార్టరు రేకుల మీద పాకిన పాదుకి ఒక పెద్ద గుమ్మడికాయ పండి ఉంది. కాయకి మొదటి గాటు మగవాళ్లే పెట్టాలని వాళ్లింట్లో ఆనవాయితీ. సాయంత్రం బంగార్రాజు లేచాక కత్తి తెచ్చి ముందర పెట్టింది.

“ఏటి సేత్తావు దీన్ని?” అన్నాడతను, గాటు పెడుతూ.

“పులుసు.”

ఒక ముక్క నిజంగానే పులుసు పెట్టాల్సి వచ్చింది. లేకపోతే రాత్రి భోజనంలో అడుగుతాడు.

అతను డ్యూటీకి వెళ్లాక మొదలుపెట్టింది. గుమ్మడిపండు తురిమి, నేతిలో పచ్చి పోయేదాకా మగ్గించి, బెల్లం వేసి దగ్గరకి రానిచ్చింది. పల్లీలు, నువ్వులు, పొట్టు తీసిన గుమ్మడి గింజలు వేయించి రోట్లో మెత్తగా దంచింది. వేయించిన అటుకులతో పాటు అవన్నీ తురుములో కలిపి పళ్లెంలో పరిచింది. రుచి బాగుంది. కానీ కత్తి పెడితే పళ్లెం వదలదు. మర్నాటికల్లా పైన తడి ఊరి, కాస్త పులిసిన వాసన వేసింది.

పళ్లెం పట్టుకుని పక్క క్వార్టరుకి వెళ్లింది. అక్కడ మార్తా ఉంటుంది. ఆమె కాసిడీహ్ బడిలో టీచరు, భర్త రత్నకుమార్ పార్సెలాఫీసులో పనిచేస్తాడు. వాళ్లింట్లో మూత మీద గాజుబిళ్ల ఉన్న గుండ్రటి కరెంటు ఓవెన్ ఉంది. క్రిస్మసుకి ఆ వరసలో ఇళ్లన్నిటికీ కేకు అందులోంచే వస్తుంది.

మార్తా వాసన చూసింది. “గుమ్మడిలో నీళ్లు పోలేదొదినా. పొయ్యి మీద ఎంత కలిపినా లోపలి తడి పోదు. నా ఓవెన్లో పెట్టి చూద్దాం. ఇంతకీ ఎవరికోసం ఈ అవస్థంతా?”

“మీ అన్నయ్యకి. ఎవరికీ సెప్పకు.”

మార్తా కారణం అడగలేదు. కానీ ఆ ఆదివారం ఇద్దరూ కబుర్లలో పడి ఓవెన్ సంగతి మర్చిపోయారు. తీసేసరికి అది కాలిన ఇటుకలా ఉంది. రత్నకుమార్ ఒక ముక్క తీసుకుని గుమ్మం మీద కొట్టి చూసి, “దీన్ని పట్టాల కింద వేసుకోవచ్చు” అన్నాడు. జోగమ్మకి నవ్వూ ఏడుపూ రెండూ వచ్చాయి.

మరోసారి చేసినప్పుడు మార్తా తన డబ్బాలోంచి ఓట్సు తెచ్చింది. మామగారికి జావ కోసం కొన్నదట. “అటుకులు సగం తగ్గించి ఇవి వెయ్యి. తడి పీల్చుకుంటాయి, గట్టిపడవు” అంది. ఈసారి ఇద్దరూ ఓవెన్ దగ్గర నుంచి కదల్లేదు. అంచులు రంగు తిరగగానే తీసి, పూర్తిగా చల్లారాక పొడుగు ముక్కలుగా కోశారు. ముక్క వంగింది గానీ విరగలేదు, చేతికి అంటుకోలేదు.

జోగమ్మ ఒక ముక్క ఇంటికి తెచ్చి, వంటింట్లో నిలబడి, పెదాలు లోపలికి మడిచి పళ్లమీద కప్పుకుని చిగుళ్లతో నమిలినట్టు నమిలింది. కాలేజీ నుంచి వచ్చిన కూతురు జానకి గుమ్మంలో ఆగిపోయింది.

“మా, యే క్యా కర్ రహీ హో?”

“మీ నాన్న తిండి సూత్తన్నాను. పో, కాళ్లు కడుక్కో.”

ముక్క నాలుకా అంగిలీ మధ్యే మెత్తగా కరిగింది. తర్వాతి డ్యూటీకి జోగమ్మ డబ్బాలో అవే పెట్టింది. ఏమీ చెప్పలేదు.

ఆ ట్రిప్పులో ఖనిజం బండి జింక్‌పానీ స్టేషన్లో ఆగిపోయింది. మధ్యాహ్నం ఎండకి ఇంజను లోపల పొయ్యిలా ఉంది. బంగార్రాజు ఎప్పటిలాగే పెట్టె తెరిచి, చూడకుండానే డబ్బా బలరామ్ చేతికిచ్చాడు.

బలరామ్ ఒక ముక్క కొరికి ఆగాడు. “చిన్నాన్నా, ఇది అచ్చు కాదు. ఇంకేదో. మెత్తగా ఉన్నాది. ఓసారి సూడు.”

బంగార్రాజు డబ్బాలోకి చూశాడు. పసుపూ గోధుమా కలిసిన ముక్కలు, మధ్య మధ్య నువ్వులు. ఒకటి తీసి నోట్లో పెట్టుకున్నాడు. గుమ్మడి తీపి, నెయ్యి, వేయించిన పల్లీ వాసన. పళ్ల సెట్టు కదలలేదు, చిగుళ్లు నొప్పెట్టలేదు. నెమ్మదిగా మొత్తం తిన్నాడు. రెండోది తీసుకున్నాక అతనికి సంగతి తట్టింది. జోగికి తెలిసిపోయింది.

బలరామ్ ఇంకో ముక్క కోసం చెయ్యి చాపితే బంగార్రాజు డబ్బా మూతపెట్టి ఒళ్లో పెట్టుకున్నాడు. “నీకు బిస్కెట్లున్నాయి కదరా” అన్నాడు.

మర్నాడు పొద్దున్న ఇంటికి వచ్చి స్నానం చేసి, వంటింటి గడప మీద కూర్చున్నాడు. జోగమ్మ టీ ఇచ్చింది.

“జోగీ, బలరామ్ సెప్పాడా?”

“ఎవరు సెప్తే ఏటి? నువ్వు సెప్పలేదు కదా.”

బంగార్రాజు గ్లాసు పక్కన పెట్టాడు. “ఎలగ సెప్పమంటావు? నువ్వు అంత కట్టపడి పాకం పట్టి పెడతావు. నమల్లేనంటే ఏటనుకుంటావో అని...”

“ముసిలోడైపోనాడనుకుంటాననా?”

అతను తలూపాడు.

“నెత్తి మీద జుత్తు పోయినపుడు నాకు సెప్పావేటి? నాను సూసుకోలేదా?” అంది జోగమ్మ. “నీ పళ్లని సూసి నాను పెళ్లి సేసుకోలేదు మావా. మా అమ్మ సేసేసింది.”

అతనికి నవ్వొచ్చింది. అలవాటుగా చెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నాడు. జోగమ్మ దగ్గరికి వచ్చి ఆ చెయ్యి పట్టుకుని కిందకి దించింది. అతను తటపటాయించి, ఆమె వైపు తిరిగే పళ్ల సెట్టు తీసి పక్కన పెట్టాడు. బుగ్గలు లోపలికి పోయాయి, పై పెదవి ముడుచుకుంది. ఆమె పరీక్షగా చూసింది.

“అచ్చం మా అమ్మమ్మలాగున్నావు.”

“మీ అమ్మమ్మ మా అమ్మే కదే. ఇంకెవరిలాగుంటాను?” అన్నాడు బంగార్రాజు. మాట తడబడి ‘ఇంకెవరిలాగ’ సరిగ్గా పలకలేదు. ఇద్దరూ నవ్వడం మొదలుపెట్టి ఆపుకోలేకపోయారు. జోగమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఆ నీళ్లు నవ్వుకి వచ్చినవో మరి దేనికో ఆమెకే తెలియలేదు.

తర్వాత సంగతి తెలిసిన మార్తా పోరగా పోరగా ఇద్దరూ ఆస్పత్రికి వెళ్లి చిగుళ్లకి సరిపోయేలా సెట్టు అరగదీయించుకుని వచ్చారు. చేపల కూర తినగలిగేంత బాగుపడింది. బంగార్రాజుకి మెల్లగా ఒళ్లు వచ్చింది. తనకి వాటా పోయిందని బలరామ్ వచ్చి ఫిర్యాదు చేస్తే, జోగమ్మ అతనికోసం వేరుశనగ అచ్చు వేరే పొట్లం కట్టడం మొదలుపెట్టింది.

చలికాలం మొదలయ్యాక ఒకసారి బంగార్రాజు చాయిబాసా సంతలో గుమ్మడిపళ్లు కొని, గోనెసంచిలో వేసి ఇంజన్లో తెచ్చాడు. సెలవు రోజు పెరట్లో ఎండలో కూర్చుని, తనే తురుముతానని తురుముపీట లాక్కున్నాడు. నోట్లో సెట్టు లేదు. పక్క క్వార్టరులోంచి మార్తా పలకరిస్తే అలాగే తలెత్తి నవ్వాడు.

“సన్నంగా తురుము మావా. వేలు జాగర్త” అంది జోగమ్మ, పల్లీలు చెరుగుతూ.

“ఇంజను నడిపే సెయ్యే ఇది. గుమ్మడిపండు లొంగదేటి?” అని అతను ఒక పిడికెడు తురుము తీసి ఆమె ముందు పెట్టాడు. “సూడు, సరిపోద్దా?”

ఆమె వేళ్లతో నలిపి చూసి, ఇంకా సన్నంగా కావాలంది. అతను మళ్లీ తురమడం మొదలుపెట్టాడు.