తలుపు పిడికి తువ్వాలు

హయాత్ గాలిమర మెట్లెక్కి ఇనుప తలుపు పిడికి తువ్వాలు చుట్టాడు. శివరాత్రి ఇంకా రానేలేదు, అప్పుడే ఇనుము చెయ్యి కాలుస్తోంది. మోకాళ్లు పట్టేశాయి. ఈ ఉద్యోగం ఎప్పుడు వదులుతుందా అని రోజూ విసుక్కునే మనిషి, ఇవాళ మాత్రం వదలకూడదని పొద్దుటినుంచీ అల్లాకు మొరపెట్టుకుంటున్నాడు.

ఆయన చేసే పనల్లా ఒక్కటే. సముద్రం వైపునుంచి సాయంకాలపు గాలి ఒక్కసారిగా మీదపడితే మర బెదిరి ఆగిపోతుంది. గాలి తగ్గాక లోపల పచ్చ బొత్తం నొక్కితే మళ్లీ తిరుగుతుంది. ఇంట్లో భార్య సఫూరా ఆయన మాట వినదు, కొడుకు సంగతి సరేసరి. ఈ మర ఒక్కటే వినేది.

కింద, క్రేను కోసం కంకర పోసి చదును చేసిన జాగాలో రాజ్యం, మరికొందరు ఆడవాళ్లు ఎండుమిరపలో తాలుకాయలు ఏరుతున్నారు. అక్కడ కాయలు ఆరబోయకూడదని కంపెనీ రూలు. హయాత్ చూసీచూడనట్టు ఊరుకుంటాడు. తూర్పున పత్తిచేలమీద దుమ్ము లేవగానే ఆయన మెట్లవైపు నడుస్తాడు. తలెత్తే తీరికలేని ఆడవాళ్లు ఆయన నడక చూసి కాయలమీద పట్టాలు లాగుతారు.

ఇంజనీరు హారిక కారులో ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది. పాత పద్ధతిలో ఏ గాలికైనా ఒకటే లెక్కట. గాలేమో ఆ లెక్కకు లొంగదు. కొత్త పద్ధతిలో మర తనంతట తనే క్షణక్షణం లెక్క మార్చుకుని రెక్కలు తిప్పుకుంటుందట. ఆగదు, కరెంటూ ఎక్కువొస్తుంది. ఇవాళ్టి గాలికి ఆగకపోతే ఇక్కడ మనిషి అక్కర్లేదు. ఆ మాట చెప్పేటప్పుడు ఆ పిల్ల ఆయన మొహంలోకి చూడలేకపోయింది.

దుమ్ము లేచింది. హయాత్ నడిచాడు. పట్టాలు పరుచుకున్నాయి. గాలి విరుచుకుపడింది. మర మూలిగింది, రెక్కలు కాస్త ఒరిగాయి, తిరుగుతూనే ఉన్నాయి. అలవాటుకొద్దీ ఆయన బొత్తం నొక్కాడు. ఏమీ కాలేదు. మళ్లీ నొక్కాడు.

"అక్కర్లేదండి, హయాత్ గారూ," అంది హారిక గుమ్మంలో నిలబడి.

"బాగా చేశావమ్మా," అన్నాడాయన. నిజంగానే బాగుంది, అందుకే మరీ కష్టంగా ఉంది. తాళంచెవి ఆమె చేతిలో పెట్టి, క్యారేజీ సైకిలుకు తగిలించుకుని, ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోయాడు.

మర్నాడు సాయంత్రం మర చక్కగా తిరుగుతోంది. ఆడవాళ్లు తలొంచుకుని కాయలు ఏరుతున్నారు. గాలి మీద పడేదాకా ఎవరికీ తెలియలేదు. కాయలు ఎర్రగా చేలల్లోకి దొర్లిపోయాయి. పట్టా పట్టుకుని పరుగెత్తుతూ రాజ్యం మెట్లవైపు చూసింది.

"హయాత్ బాబాయ్ ఏడే?" అంది పక్కామెతో.

పైన తలుపు పిడికి చుట్టిన తువ్వాలు గాలికి టపటపా కొట్టుకుంటోంది.