ఐదోసారి

"అప్పడాల డబ్బాకి మూత పెట్టవు గానీ, ఫోన్‌కి మాత్రం తాళం!" అంటూ సుతిక్నో మెత్తబడిన రొయ్యల అప్పడాన్ని పళ్ళెంలో పడేశాడు.

"ఫోనంతా తెరిచే ఉందండీ. తాళం ఉన్న ఆ ఒక్క ఖాతా ఆరోగ్య కేంద్రంది. అందులో ఉండేది గర్భిణుల వివరాలు," అంది భార్య వుర్యాని. ఆ కొండ ఊళ్ళన్నిటికీ కాన్పులు చేసే నర్సు ఆమె.

"మొగుడికి చూపించలేని వివరాలా?"

"వాళ్ళ మొగుళ్ళకే చూపించను."

అత్తగారు పైనెమ్ నవ్వింది. సుతిక్నో నవ్వలేదు.

వుర్యాని మధ్యాహ్నం నమాజుకు లేవగానే సుతిక్నో ఆమె ఫోన్ అందుకుని ఆ ఖాతా తెరవబోయాడు. కొడుకు పుట్టినరోజు కొట్టాడు. పెళ్ళి తేదీ కొట్టాడు. పెళ్ళికి ముందు పొంతన కోసం పెద్దలు ఇద్దరి జన్మవారాలూ కూడి చూసిన అంకె కొట్టాడు. తన పేరు, ఆఖరికి తన ముద్దుపేరు. భార్య పెట్టుకున్న పాస్‌వర్డ్ తన గురించే అయి ఉంటుందని అతని నమ్మకం. ఐదోసారికి ఎర్రటి అక్షరాలు వచ్చాయి. ఫోన్ ఎక్కడిదక్కడ పెట్టేసి ఊరుకున్నాడు. మన ఇళ్ళలో చాలామందికి ఇది తప్పుగానే తోచదు.

గంట తిరక్కుండా, నెలలు నిండిన గియార్తి ఇంటినుంచి వుర్యానికి కబురు. కాన్పయింది, రక్తం ఆగడం లేదు. గియార్తిని ఎక్కించుకుని అంబులెన్స్‌లోంచి వుర్యాని ఆసుపత్రికి ఫోన్ చేస్తే, ముందే రక్తం తెప్పించి ఉంచడానికి గ్రూపు చెప్పమన్నారు. నెగటివ్ అని గుర్తుంది, ఏ నెగటివో గుర్తులేదు. ఆ వివరం ఉన్న ఖాతా మూసుకుపోయింది.

"ఎవరో ఐదుసార్లు తప్పు కొట్టారమ్మా," అన్నాడు ఫోన్‌లో జిల్లా ఆఫీసు ఉద్యోగి. "దొంగనుకుని మూసుకుంది. మీరు మీరేనని తేల్చుకుని తెరవాలి. ఇరవై నిమిషాలు పడుతుంది."

గియార్తి చెయ్యి చల్లబడుతోంది. "వుర్యాని అమ్మా, నిద్రొస్తోంది..."

"నిద్రపోకు! పాపకి ఏం పేరు పెడతావు? చెప్పు!"

రక్తం దొరికింది, ఆలస్యంగా. ప్రాణం నిలిచింది. గర్భసంచి తీసేశారు.

జరిగిందంతా విన్న సుతిక్నో, మర్నాడు మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని, ఆ ఐదుసార్లూ కొట్టింది తనేనని తనంతట తనే ఒప్పుకున్నాడు. "అనుమానం కాదు... ఊరికే చూద్దామని."

"వాణ్ణి అలా పెంచింది నేనే," అంది పైనెమ్ తలెత్తకుండా.

వుర్యాని గొంతు పెంచలేదు. "తాళం తన పని తాను చేసింది. భార్య పాస్‌వర్డ్ భర్త సొత్తని మనమంతా అనుకుంటున్నామే, అదే తప్పు. దాని వెనక పరాయి ప్రాణాలుంటాయి. భోంచెయ్యండి. తిన్నాక ఇద్దరం ఆసుపత్రికి వెళ్తున్నాం. ఆ ఇరవై నిమిషాలు ఎలా పోయాయో గియార్తి మొగుడికి మీరే చెప్పాలి."