పొడిగా తెల్లారిన రోజులు

డైపర్ల ఫ్యాక్టరీలో తడి పీల్చే పొడిని పరీక్షించడం కోడలి ఉద్యోగం. చూడ్డానికి పంచదార పలుకుల్లా ఉంటుంది గానీ, నీళ్ళు తగిలితే చాలు, ఒక్కో పలుకూ ఉబ్బి జిగురుముద్దవుతుంది. మంచినీళ్ళయితే ఆబగా పీలుస్తుంది. ఉప్పు కలిసిందా, అందులో సగం కూడా పీల్చదు. మూత్రంలో ఉప్పుంటుంది కాబట్టి ల్యాబులో ఉప్పునీళ్ళే పోసి చూస్తారు. మంచినీళ్ళు పోసి చూపించి గొప్పలు పోయేవాళ్ళంటే ఆమెకి ఒళ్ళుమంట.

ఇంట్లో అత్త మంచాన పడి ఉంది. పక్షవాతంతో ఎడమవైపు చచ్చుబడింది. కుడిచెయ్యీ, నోరూ మాత్రం భేషుగ్గా పనిచేస్తున్నాయి. కొడుకు లారీ డ్రైవరు, ఇంట్లో కనబడితే ఆ రోజు విశేషమే. అందుకని డైపర్ మార్చడం కోడలి వంతయింది. కొత్త రకం పొడితో చేసిన పెద్దవాళ్ళ డైపర్లు ఆఫీసులో అడిగి ఓ కట్ట తెచ్చి మంచం పక్కనే పెట్టింది.

"అత్తయ్యా, ఇకమీదట మీరే నా ల్యాబు" అంది.

"పోన్లే, ఈ వయసులో ఉద్యోగం ఇప్పించావు" అంది అత్త.

మొదటి రెండు రోజులూ మామూలే. తర్వాత మొదలైంది అద్భుతం. పొద్దున్నే విప్పి అరచేత్తో నొక్కితే చెమ్మ తగిలేది కాదు. కోడలు మొహం చేటంత చేసుకునేది. ల్యాబులో గ్రాముల లెక్కన తూచే మనిషి, ఆ సంబరంలో తూచడమే మానేసింది. బుద్ధి గడ్డి తినడమంటే ఇదే. తూచి ఉంటే అసలు సంగతి మర్నాడే బయటపడేది.

వారం తిరిగేసరికి అత్త మాట ముద్దగా రాసాగింది. పెదాలు పగిలాయి. మళ్ళీ పక్షవాతమేమోనని కోడలు హడలిపోయింది. రోజూ నింపి పక్కన పెట్టే నీళ్ళసీసా ఖాళీ అవుతూనే ఉంది, అంటే నీళ్ళు తాగుతూనే ఉంది కదా! ఆస్పత్రికి బండి పిలిచి, దుప్పటి తీయబోయింది. మంచానికీ గోడకీ మధ్య నుంచి ఏదో దబ్బున కిందపడింది.

డైపర్. రెండు చేతులతో ఎత్తాల్సొచ్చింది. లోపలి ముద్ద ఉబ్బిపోయి, పొర చీల్చుకుని బయటికొచ్చింది. రంగు లేదు, వాసన లేదు. ఉప్పు తగిలితే ఈ పొడి చచ్చినా ఇంత ఉబ్బదు. ఇవి మంచినీళ్ళు.

"సీసాలో నీళ్ళన్నీ ఇందులో పోస్తున్నారా?"

అత్త మొహం తిప్పుకుంది.

"తాగకపోతే ప్రాణం పోతుంది, తెలుసా మీకు?" భయంతో కోడలి గొంతు లేచిపోయింది. "నేను మార్చనన్నానా? ఒక్కనాడైనా విసుక్కున్నానా?"

"విసుక్కోలేదమ్మా" అంది అత్త, నాలుక తిరక్క ఆగి ఆగి. "తడిస్తే ఎటో చూస్తూ పని కానిచ్చేస్తావు. పొడిగా ఉంటే నవ్వుతావు. నా దగ్గర నువ్వు నవ్వగా ఎన్నాళ్ళయిందే? ఆ నవ్వు కోసం నీళ్ళు మానేశాను."

బండి వచ్చేలోగా కోడలు గ్లాసుతో నీళ్ళు తెచ్చి, అత్త తల ఒళ్ళోకి తీసుకుని, చెంచాతో పట్టింది. అత్త తాగింది. ఒక్కో చెంచాకీ ఆగి, కోడలి మొహంలోకి బెరుగ్గా చూసి, మళ్ళీ నోరు తెరిచింది.