మూడో గుట్ట మీది గోడ

మొగుడి గురించి గొప్పలు చెప్పుకోవడానికి చాముండేశ్వరి గారికి ఒక కోట దొరికింది. ముప్పై ఏడేళ్లుగా ఆవిడ దాన్ని వదిలిపెట్టలేదు. వాళ్లు స్థిరపడ్డ పరదేశపు ఊరు బర్నబీలో ఏ తెలుగింట్లో వ్రతం జరిగినా, ఏ పిల్లకి సీమంతం జరిగినా, పులిహోర గిన్నె ఖాళీ అయ్యేలోపు ఆ కథ వచ్చి తీరాల్సిందే.

"మావారు రాసిచ్చిన ఒక్క రిపోర్టుతో ఆ పాడుబడ్డ గోడలు తీసేయించారమ్మా. లేకపోతే ఎంతమంది స్కూలు పిల్లలు వాటికింద పడి నలిగిపోయేవాళ్లో!"

విన్నవాళ్లు రాజగోపాల్ గారి వంక భక్తిగా చూసేవారు. ఆయన మజ్జిగ కోసమంటూ లేచి వంటింట్లోకి వెళ్లిపోయేవారు. పెద్ద ఇంజనీరు, ఎంత అణకువో అని అందరూ అనుకున్నారు. అణకువా లేదు, పాడూ లేదు. ఆ కథ వింటూ అక్కడ కూర్చోలేక లేచిపోయేవారు, అంతే.

ఆ చోటు ఒక్కసారి చూపించమని ఆవిడ అడగని వేసవి లేదు. ఒక ఏడాది ఆయనకి మోకాళ్ల నొప్పి, ఇంకో ఏడాది అడవులు తగలబడి ఊళ్ల మీదంతా పొగ. పోయినేడాది పొగా లేదు, మోకాళ్లూ బాగానే ఉన్నాయి. అప్పుడు కారుకి సర్వీసింగ్ అన్నారు. ఈ జూలైలో కూతురు రూప ఆయన్ని అడక్కుండానే మోటెల్ బుక్ చేసి, కారులో పెట్రోలు కూడా పోయించి తాళాలు చేతికిచ్చింది. ఇక తప్పించుకునే దారి లేకపోయింది.

ఐదు గంటల డ్రైవ్. జూలైలో కూడా శిఖరాల మీద మంచు కరగని కొండలు, వాటి మధ్య లోయ, లోయలో మూడు గుట్టలు. నూరేళ్ల కిందట గనులు తవ్వి బాగుపడిన ఒక స్కాట్లాండ్ దొర తన ముగ్గురు కొడుకులకి మూడు గుట్టల మీద మూడు రాతి కోటలు కట్టించాడు. ఆ కొడుకులు ఒక్క చలికాలం ఉండి చూసి, మా వల్ల కాదు బాబోయ్ అని పట్నాలకి పారిపోయారు. కప్పులు కూలిపోయాయి, గోడలు మిగిలాయి. ఇప్పుడు జనం టికెట్ కొనుక్కుని వచ్చి ఆ గోడల్నే చూసి పోతుంటారు.

మొదటి గుట్టకి చెక్క మెట్లున్నాయి. చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని, స్పోర్ట్స్ షూస్ వేసుకున్న చాముండేశ్వరి గారు ముందు నడిచారు. ఆయన వెనక.

పైన నిలువెత్తు గోడలు, ఎండలో నిటారుగా నిలబడి ఉన్నాయి. రాజగోపాల్ గారి చెయ్యి దానంతటదే వెళ్లి గోడ మీద ఆనింది. రెండు రాళ్ల సందులో బొటనవేలి గోరు పెట్టి గీశారు. సున్నం. అదే సున్నం.

ఆయన పుట్టింది కొండవీటి కోట కింద ఊళ్లో. తాత వీర్రాజు సున్నం మేస్త్రి. మనవణ్ణి కొండ మీదికి తీసుకెళ్లి, గోడ సందుల్లో గోరు పెట్టి గీయించి నేర్పించేవాడు. గానుగ సున్నంతో కట్టిన గోడ కొంచెం కదిలినా సర్దుకుంటుందిరా, సిమెంటు గోడలాగా ఒక్కసారి విరిగిపడదు, చూసి భయపడకు అనేవాడు.

1988లో మూడో గుట్ట మీది గోడల్ని పరీక్షించి రమ్మని కంపెనీ పంపినప్పుడు తాత నేర్పిన ఆ విద్యే పనికొచ్చింది. అరగంటలో తేలిపోయింది. సందుల్లో మళ్లీ సున్నం కూరి, నాలుగు ఊతకర్రలు పెడితే ఇంకో నూరేళ్లు ఢోకా లేదు. ఆఫీసులో మీటింగులో అదే చెప్పారు. "దేన్నిబట్టి చెబుతున్నారు?" అని సీనియర్ మామూలుగానే అడిగాడు. మా తాత చెప్పాడు అన్న మాట రాజగోపాల్ గారి నాలుక చివరిదాకా వచ్చింది. ఇంజనీరు లైసెన్సు వచ్చి ఎనిమిది నెలలే అయింది. ఆ బల్ల చుట్టూ లేవబోయే నవ్వు ఆయనకి ముందే వినిపించింది. మాట మింగేశారు. పుస్తకంలో సిమెంటు గోడలకి ఇచ్చిన లెక్క తీసి సున్నం గోడకి వేశారు. ఆ లెక్కలో ఏ సున్నం గోడైనా పడిపోవాల్సిందే. సంతకం పెట్టారు. ఎవరూ ఆయన మెడ మీద కత్తి పెట్టలేదు. సిగ్గుపడ్డారు, అంతే. సిగ్గుపడింది తాతని చూసుకుని.

"మూడు కోటలూ ఒకే ఏడాది, ఒకే మేస్త్రీలు, ఒకే సున్నంతో కట్టారు" అని ఇంగ్లీషులో చెబుతోంది గైడు. హేజెల్ అట పేరు, ముప్పై ఏళ్ల పిల్ల. "ఇరవై ఏళ్ల కింద దీనికి మళ్లీ సున్నమే పెట్టి రిపేర్ చేశారు. ఇప్పుడు రాయిలా ఉంది."

చాముండేశ్వరి గారు ఆగలేకపోయారు. "మూడోదాన్ని తీసేయమని రిపోర్టు రాసింది మావారే!" అనేశారు ఆవిడకొచ్చిన ఇంగ్లీషులో.

హేజెల్ ఒక్క అడుగులో దగ్గరికొచ్చి ఆయన రెండు చేతులూ పట్టుకుంది. "మీరేనా? మా అమ్మమ్మ మీ కోసం ఎంత వెతికిందో! రిపోర్టు మీద కంపెనీ పేరు తప్ప ఏం లేదు, సంతకం చదవడానికి రాలేదు."

అమ్మమ్మ పేరు ఎడిత్. మూడో కోట గేటు తాళాలు ఆవిడ దగ్గరే ఉండేవి. ఏటా మే నెలలో స్కూలు పిల్లల్ని పైకి తీసుకొచ్చి, సరిగ్గా ఆ గోడ నీడలోనే కూర్చోబెట్టి కథలు చెప్పేది. రిపోర్టు చదివిన రోజునే తాళాలు ఇచ్చేసింది. ఆ తర్వాత ఎవరి పిల్లనీ చెయ్యి పట్టుకుని వీధి కూడా దాటించలేదు. సొంత మనవరాలిని కూడా. ఇంతమంది పిల్లల్ని చావు కింద కూర్చోబెట్టానే అని తలుచుకుని వణికేది.

"ఆ ఇంజనీరు రాకపోయుంటే ఆ పాపం నా తలకి చుట్టుకునేది, ఆయనకి థాంక్స్ చెప్పాలి అనేది. మార్చిలో పోయింది" అంది హేజెల్. "ఆవిడ బదులు నేను చెబుతున్నాను. థాంక్యూ."

చాముండేశ్వరి గారు సంతోషంతో కళ్లు ఒత్తుకున్నారు. అక్కడితో సరే అని ఊరుకుంటే సరిపోయేది. ఊరుకోవడంలో రాజగోపాల్ గారికి ముప్పై ఏడేళ్ల అలవాటుంది కూడా. కానీ ఆ పిల్ల చేతులు ఇంకా ఆయన చేతుల్లోనే ఉన్నాయి.

"ఆ గోడ పడేది కాదమ్మా" అన్నారు.

మొత్తం చెప్పారు. తాత సంగతి, మీటింగు, లెక్క. అడ్డు తగలకుండా విని హేజెల్ ఒకటే అడిగింది.

"అయితే అమ్మమ్మ ఏ తప్పూ చేయలేదా?"

"ఏ తప్పూ చేయలేదు."

"ఇది మీకు అప్పుడే తెలుసా?"

"చెయ్యి పెట్టగానే తెలుసు."

ఆ పిల్ల తిట్టలేదు. తిట్టినా బాగుండేది. మెల్లగా చేతులు విడిపించుకుని, "నాలుగు నెలలు" అంది. "నాలుగు నెలల ముందు వచ్చినా సరిపోయేది." వెళ్లి మిగతా టూరిస్టుల దగ్గర నిలబడింది.

చాముండేశ్వరి గారు మెట్లు దిగి, రెండో గుట్ట దాటి, మూడో గుట్ట ఎక్కారు. ఆయన రొప్పుకుంటూ వెనక వెళ్లారు. అక్కడ గడ్డి, గడ్డిలో పునాది రాళ్ల గీత, ఒక బోర్డు. ప్రమాదకరమని ఇంజనీరు ఇచ్చిన నివేదిక మేరకు తొలగించడమైనది, 1988.

ఆవిడ బోర్డు చదివారు.

"ఆ బోర్డు మార్పిస్తాను చాముండీ" అన్నారాయన. "జరిగింది జరిగినట్టు రాసి, పేరు పెట్టి ఇస్తాను."

"రాయండి. వాళ్లకి ఇంగ్లీషులో ఒకటి, నాకు తెలుగులో ఒకటి." ఆవిడ గొంతులో కోపం లేదు, ఏమీ లేదు. "ఎవరెవరి ఇళ్లలో చెప్పానో అన్నీ గుర్తున్నాయి. ప్రతి ఇంటికీ వెళ్లి చదివి వినిపించాలి."

"నేనూ వస్తాను."

"మీరెందుకు? చెప్పుకు తిరిగింది నేను కదా" అని, ఆయన అందించిన చెయ్యి చూడనట్టే, ఆవిడ గుట్ట దిగడం మొదలుపెట్టారు.