సున్నపు బట్టీ మలుపులో అద్దం

నేను ఒక మలుపు అద్దాన్ని. ఎదురుగా ఏమొస్తుందో కనిపించని ఇరుకు రోడ్ల మూలల్లో, ఎత్తైన ఇనుప స్తంభానికి బిగించిన గుండ్రటి ఉబ్బెత్తు అద్దాలను మీరు చూసే ఉంటారు. వాటిలో ఒకదాన్ని. అద్దమని పేరే గానీ నాలో గాజు లేదు. ప్లాస్టిక్ రేకును వేడిచేసి, బోర్లించిన పళ్ళెంలా ఉబ్బించి, వెనక వెండి పూత పూసి, చుట్టూ నారింజ రంగు అంచు తొడిగారు. ఫ్యాక్టరీలో నన్ను పరీక్షించిన మనిషి పదడుగులు వెనక్కి నడిచి, నాలో తనను చూసుకుని, ఇందులో ఏదైనా ఉన్నదానికంటే చిన్నగా, దూరంగా కనిపిస్తుందనీ, ఆ సంగతి చూసేవాడికి తెలిసి ఉండాలనీ పక్కవాడితో అన్నాడు. నాకు మొదటిసారి భయం వేసింది అప్పుడే. చూసేవాడికి తెలియకపోతే? దగ్గరికొచ్చేసిన బండిని నేను దూరంగా చూపిస్తే, నన్ను నమ్మి ఆ మనిషి అడుగు ముందుకేస్తే?

ఆ భయంతోనే అట్టపెట్టెలో కూర్చుని కొండవానిపాలెం చేరాను. నన్ను కొన్నది ఆ ఊరి పురపాలక సంఘం.

ఊరి వెనక ఒక గుట్ట ఉంది. గుట్ట మీది కాలనీల చెత్త నింపుకున్న లారీ ఏటవాలు రోడ్డు మీద దిగివచ్చి, పాడుబడిన సున్నపు బట్టీ గోడ దగ్గర ఒక్కసారిగా ఎడమకు తిరగాలి. కింది సందుల చెత్త తెచ్చే తోపుడు బండ్లు ఆ లారీలో చెత్త వేయడానికి అదే మలుపుకు ఎక్కివస్తాయి. గోడ అడ్డం కాబట్టి పైవాళ్ళకు కిందివాళ్ళు కనిపించరు, కిందివాళ్ళకు పైవాళ్ళు కనిపించరు. నేను రాకముందు పాలు పోసే ఒకతను ఆ మలుపులోనే లారీ కింద పడి పోయాడట. జనం రోడ్డు మీద కూర్చున్నారు. కౌన్సిల్ వాళ్ళు వచ్చి వాళ్ళు అడిగినవి మూడూ రాసుకున్నారు. రోడ్డు వెడల్పు చేయాలి, బడి వేళల్లో లారీ రాకూడదు, అద్దం పెట్టాలి. మూడింట్లోకీ సులువైనదాన్ని నేను. నన్ను బిగించి, కొబ్బరికాయ కొట్టి, ఫోటో దిగి, మిగతావి తర్వాత చూద్దామన్నారు.

ఆరోజు కొబ్బరికాయ కొట్టింది ఆ వార్డు కౌన్సిలరు హైమావతి. మాట్లాడింది మాత్రం ఆవిడ భర్త తాతబాబు. ఆ స్థానం ఆడవాళ్ళకు రిజర్వు కావడంతో గెలిచింది ఆవిడే అయినా, వార్డులో అందరూ కౌన్సిలర్ గారని పిలిచేది ఆయన్ని. ఆవిడ తలెత్తి ఒకసారి నాలోకి చూసింది. అటు రోడ్డూ ఇటు రోడ్డూ ఒకేసారి కనబడేసరికి ఆశ్చర్యపోయి ఏదో అనబోయింది. ఈలోగా భర్త కారెక్కమన్నాడు.

నా అసలు మనుషులు ఇద్దరే. ఒకరు అసిరమ్మ. కింది సందుల్లో చెత్త ఎత్తే కార్మికురాలు, యాభై దాటిన మనిషి. నన్ను తుడవమని ఆమెకు ఎవరూ చెప్పలేదు. అయినా పొడుగు కర్ర చివర తడిగుడ్డ కట్టి, రోజూ పొద్దున్నే నా మొహం తుడిచి, నాలో పైరోడ్డు చూసుకుని గానీ బండిని మలుపు దాటించేది కాదు. రెండోవాడు లారీ డ్రైవరు సన్నిబాబు. అతను నాలో కిందిరోడ్డు చూసుకుని దిగేవాడు. నా ఎడమ సగంలో లారీ, కుడి సగంలో తోపుడు బండి కనబడ్డ ప్రతి ఉదయం నేను వణికిపోయేవాణ్ణి. రెండు వైపులా చూడగలను, ఒక్కరినీ కేకేసి ఆపలేను.

ఆ వణుకుకు కారణం లారీ బ్రేకులు. సన్నిబాబు మలుపు దగ్గర బండి ఆపి చెత్త ఎక్కించుకునేటప్పుడు, అక్క వరసతో అప్పా అని పిలుస్తూ అసిరమ్మతో చెప్పేవాడు. పెడల్ నేలదాకా తొక్కితే గానీ పట్టడం లేదనీ, లాగ్‌బుక్కులో రాసిస్తే పైఅధికారి పక్కన ‘చూశాను’ అని సంతకం పెడుతున్నాడనీ. మూడుసార్లు రాశాడు. మూడుసార్లూ ఆ అధికారి చూశాడు. చూడటమే పనిగా పుట్టిన నాకే ఆ మాట విని సిగ్గేసింది.

అంతకుముందు సన్నిబాబు గుట్ట మీదనుంచే హారన్ మోగించుకుంటూ దిగేవాడు. మలుపు పక్కన కొత్తగా లేచిన అపార్ట్‌మెంటు వాళ్ళు ఆ మోతకు నిద్ర చెడుతోందని అర్జీ పెట్టుకున్నారు. అర్జీ అందిన వారంలోనే ‘హారన్ మోగించరాదు’ అనే బోర్డు వచ్చింది. ఒకసారి మరిచిపోయి మోగించినందుకు సన్నిబాబుకు మెమో ఇచ్చారు. ఇక ఆ మలుపుకు మిగిలింది నేనొక్కణ్ణే.

ఆ తర్వాత పరిశుభ్రతా వారోత్సవాలు వచ్చాయి. గురువారం పెద్ద అధికారులు ఆ దారినే వస్తున్నారని సోమవారం తాతబాబు మనుషులు నిచ్చెన వేసుకుని నా స్తంభం ఎక్కారు. రోడ్డుకు అందంగా కనబడే చోటు అదేనట. ‘మన ఊరు, మన శుభ్రత’ అని రాసి, హైమావతి నవ్వు మొహం నిలువెత్తున వేసిన ఫ్లెక్సీని నా మీద పరిచి, నాలుగు మూలలా తాళ్ళు బిగించారు. లోకం ఒక్కసారిగా ఆరిపోయింది. నాకు పగలు లేదు, రోడ్డు లేదు. చెవులు మాత్రం మిగిలాయి.

మర్నాడు తోపుడు బండి చక్రం కిర్రుమంటూ వచ్చి ఆగడం విన్నాను. అసిరమ్మ బండిని అక్కడే వదిలి, మలుపు దాకా నడిచివెళ్ళి, పైకి తొంగిచూసిందేమో, పరుగున తిరిగొచ్చి బండి తోసుకుపోయింది. ఆమె ఊపిరి నాకు వినిపించింది. ఆ సాయంత్రం ఆమె కౌన్సిలరు ఇంటికే వెళ్ళిందట. బుధవారం పొద్దున్న నా స్తంభం కింద నిలబడి తోటి కార్మికురాలికి ఆ సంగతి చెబుతుంటే విన్నాను. తాతబాబు అరుగు మీదనుంచే గురువారం కార్యక్రమం అయ్యాక తీయిస్తామన్నాడట. హైమావతి గుమ్మంలో నిలబడి అంతా విందట, ఏమీ అనలేదట.

“రెండ్రోజులే గదా అన్నాడే ఆ బాబు. నాకేటో గుండె దడదడలాడతంది” అంది అసిరమ్మ.

తోటి ఆమె వెళ్ళిపోయింది, అసిరమ్మ బండి కోసం కింది సందులోకి దిగింది. సన్నగా చినుకులు మొదలై ఫ్లెక్సీ మీద టపటపమన్నాయి. పైన ఎక్కడో లారీ గేరు మారిన చప్పుడు వినబడింది. రోజూ వినే చప్పుడే, కానీ ఆరోజు అది మెల్లబడలేదు. రోజూ నీళ్ళ ట్యాంకు దగ్గర ఒకసారి, రాముడి కొట్టు దగ్గర ఒకసారి ఇంజను గొంతు తగ్గేది. ఆరోజు రెండుచోట్లా తగ్గలేదు. ఇటు కిందినుంచి చక్రం కిర్రుమంది. వానకు త్వరపడి అసిరమ్మ ఈసారి ముందు నడిచిచూడలేదు. బండి తోసుకుంటూ వస్తోంది. రెండు చప్పుళ్ళూ ఒకే చోటికి వస్తున్నాయి. ఆ గుడ్డ వెనక నేను పడ్డ భయం ఎలాంటిదో చెప్పడానికి నాకు చేతకాదు. ఫ్యాక్టరీలో నేను భయపడింది తప్పు చూపిస్తానేమోనని. అసలు చూపించనే లేకపోయే రోజు ఒకటి వస్తుందని ఊహించలేదు.

హారన్ మోగింది. మోగించరాదన్న ఆ హారన్ ఆగకుండా మోగింది. దాని వెనకే సన్నిబాబు గొంతు.

“తప్పుకో అప్పా, బ్రేకు లేదు!”

స్తంభం ఫెళ్ళుమంది. నేను గాలిలోకి లేచి, ఫ్లెక్సీతో సహా రోడ్డు మీద పడ్డాను. తాడు తెగి గుడ్డ పక్కకు జరగడంతో మళ్ళీ వెలుతురు వచ్చింది. నా అంచునుంచి అంచుదాకా పగులు పారింది. ఆ పగులుకు ఒకవైపు నలిగిన తోపుడు బండి, దానికి రెండడుగుల అవతల నేల మీద కూలబడ్డ అసిరమ్మ. రెండోవైపు సున్నపు బట్టీ గోడలోకి దూసుకుపోయిన లారీ. ఎడమకు తిప్పితే ఆమె మీదికి పోతుందని సన్నిబాబు స్టీరింగును గోడకు తిప్పేశాడు. అతని కుడికాలు లోపల ఇరుక్కుపోయింది. అసిరమ్మ పాకుతూ వెళ్ళి అతని చెయ్యి పట్టుకుని, అంబులెన్సు వచ్చేదాకా వదల్లేదు.

కాలు మోకాలి కింద తీసేశారు. వారం తిరక్కుండా విచారణ పూర్తయింది. డ్రైవరు నిర్లక్ష్యంగా, అతివేగంగా నడిపాడనీ, నిషేధం ఉన్నచోట హారన్ కూడా మోగించాడనీ కాగితం తయారైంది. దానికి కౌన్సిల్ ఆమోదం ఒక్కటే మిగిలింది. అది వస్తే సన్నిబాబు ఉద్యోగం పోతుంది.

నన్ను పాత సామాను గదిలో పడేశారు. కౌన్సిల్ సమావేశం ఉన్నరోజు ఉదయం ఆ గది తలుపు తీసింది హైమావతి. వెంట అసిరమ్మ ఉంది. ఇద్దరూ నన్ను చెరో పక్కా పట్టుకుని సమావేశం హాల్లోకి మోసుకొచ్చి, చైర్మన్ ఎదుట బల్లమీద పెట్టారు. సభ్యులు కానివాళ్ళు లోపలికి రాకూడదు కాబట్టి అసిరమ్మను బయటికి పంపేశారు. తాతబాబు కూడా గుమ్మం దగ్గరే ఆగాల్సి వచ్చింది. అక్కణ్ణుంచి కూర్చో, కూర్చో అని చేత్తో సైగలు చేస్తున్నాడు. ఇది అజెండాలో లేదని చైర్మన్ అన్నాడు. హైమావతి ‘అది కాదండీ’ అంటూ తడబడింది. ఎవరో నవ్వారు. ఆవిడ ఇప్పుడు కూర్చుండిపోతుందని నాకు గట్టిగా అనిపించింది.

కూర్చోలేదు.

“ఆ ఫ్లెక్సీ మీద ఉన్నది నా మొహమండీ. అద్దాన్ని మూసేసింది నా మొహమే. అసిరమ్మ మా ఇంటికొచ్చి చెప్పింది, నేను గుమ్మంలో నిలబడి విన్నాను. తీసేయండని ఒక్క మాట అనలేకపోయాను. ఇప్పుడు తప్పు డ్రైవరుదని రాస్తున్నారు. రాయాలంటే ముందు నా పేరు రాయండి.”

తర్వాత, అసిరమ్మ చెబితే లారీల షెడ్డులో అడిగి తెచ్చుకున్న లాగ్‌బుక్కును సంచీలోంచి తీసి, సన్నిబాబు బ్రేకుల గురించి రాసిన మూడు చోట్లూ, పక్కనున్న మూడు సంతకాలూ చదివింది. ప్రతి ‘చూశాను’కూ ఆగింది. హాల్లో నవ్వు లేదు. చెత్త లారీలు తిరిగే మిగతా వార్డుల కౌన్సిలర్లు ఒక్కొక్కరే మా లారీ సంగతేమిటని అడగసాగారు. చైర్మన్ కాగితం పక్కన పెట్టాడు. విచారణ మళ్ళీ జరగాలని ఆరోజే తీర్మానం అయింది.

హైమావతి హాలు దాటి బయటికి వచ్చేసరికి తాతబాబు వెళ్ళిపోయాడట, కారుతో సహా. ఆవిడ అసిరమ్మతో కలిసి షేర్ ఆటో ఎక్కిందట. ఆ ఇంట్లో ఆ రాత్రి ఏం జరిగిందో నాకు తెలియదు. తర్వాతి సమావేశానికి ఆవిడ ఒంటరిగానే వచ్చిందని మాత్రం విన్నాను.

రెండో విచారణలో సన్నిబాబు తప్పు లేదని తేలింది. మలుపులో హారన్ బోర్డు పీకేశారు, కొత్త అద్దం పెట్టారు, బడి వేళల్లో లారీ ఆపారు. రోడ్డు మాత్రం ఇంకా ఇరుగ్గానే ఉంది. ఒంటికాలితో లారీ నడపలేడు గనుక సన్నిబాబును చెత్త లారీలు నిలిపే షెడ్డు గేటు దగ్గర వేశారు. అతను పాత సామాను గదిలోంచి నన్ను అడిగి తెచ్చుకుని, గేటు పక్క గోడకు కట్టుకున్నాడు. నా పగులు మధ్యలోంచి లారీలు రెండు ముక్కలుగా కనిపిస్తాయి. అయినా పనికొస్తాను. ఇంజను చప్పుడు వినబడితే చాలు, నేను ఇప్పటికీ వణుకుతాను.

నిన్న పొద్దున ఒక కొత్త డ్రైవరు తొందరగా బయటికి వస్తూ బ్రేకులన్నీ బానే ఉన్నాయని చెయ్యి ఊపాడు. సన్నిబాబు చంకకర్ర ఆనించుకుని లేచి, వెళ్ళి లారీకి ఎదురుగా నిలబడ్డాడు.

“నా ముందు తొక్కు బాబూ, సూత్తాను” అన్నాడు.

అతను తొక్కాడు. సన్నిబాబు వంగి చక్రాల వైపు చూశాడు. గేటు తియ్యలేదు.

“ఇంకోపాలి తొక్కు.”