బంగ్లా ముందు గుమ్మం

పోర్టు దగ్గరి పాత దొరగారి బంగ్లాను మ్యూజియం చేశారని తెలిసి అమ్మను తీసుకెళ్లాను. మా అమ్మమ్మ అప్పలనర్సమ్మ ఓపికున్నన్నాళ్లూ ఆ ఇంట్లోనే వంట చేసింది. ఆ వంటగదిని ఒక్కసారి చూడాలని అమ్మ కోరిక.

టికెట్లు కొని తిరిగి చూస్తే అమ్మ లేదు. చెప్పులు చేతిలో పట్టుకుని, గోడ వారగా పెరటివైపు వెళ్లిపోతోంది.

“అమ్మా, దారి ఇటు!”

“మనకి దారి ఎనకనుంచే కదే. సిన్నప్పుడు నాను అలాగే ఎల్లేదాన్ని.”

చెయ్యి పట్టుకుని ముందు గుమ్మంలోంచే తీసుకెళ్లాను. లోపల అందరూ చెప్పులతోనే తిరుగుతున్నారు. అమ్మ మాత్రం తనవి చేతిలోంచి దించలేదు. దొర కుర్చీ, దొరసాని పియానో, ఆఖరికి వాళ్ల కుక్క ఫొటో కూడా ఉంది. దాని కింద ‘టామీ’ అని ఇత్తడి పలక.

“ఓలమ్మ, టామీ! దీనికి మాయమ్మే అన్నమెట్టేది,” అని అమ్మ నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

“వంటగది ఎక్కడండీ?” అని గైడుని అడిగాను.

“అది పడగొట్టి టాయిలెట్లు కట్టారు మేడం. వంటగదిలో సూడ్డానికేటుంటాది?”

“కుక్కకి పేరు పలక పెట్టారు. ఆ కుక్కకీ, దాని దొరకీ వండిపెట్టిన మనిషి పేరు ఎక్కడా లేదేం?”

“నాకేటి తెలుసు మేడం? సూడ్డం అయిపోతే బయటికి దారి ఎనకేపు.”

అమ్మ అలవాటుగా అటు తిరిగింది. నేను కదల్లేదు.

“మా అమ్మ వచ్చిన గుమ్మంలోంచే వెళ్తుంది,” అన్నాను. నా గొంతుకి హాలంతా ఇటు తిరిగింది.

అమ్మ నన్ను చూసింది, గైడుని చూసింది. చెప్పులు ఆ నున్నటి గచ్చు మీద టపీమని పడేసి తొడుక్కుంది.

“పదే,” అంటూ ముందు గుమ్మంవైపు నాకంటే ముందే నడిచింది.